సమస్య: గంట మోగ నోడి గంతు లిడెను

నిర్వాహకుడు (పాలకొల్లు): ఈ వారం ఆటవెలది నాలుగో పాదం ఇస్తున్నాను, పై మూడూ మీరు పూరించాలి. టీవీలో వింత విద్యల పోటీ చూసి మా పిల్లలు పడీ పడీ నవ్వుతుంటే తట్టింది. ఇలాంటి ఆటల్లో పాతదొకటి 1976లో అమెరికాలో మొదలైన గాంగ్ షో. నచ్చకపోతే జడ్జీలు మధ్యలోనే పెద్ద గంట మీద సుత్తితో కొట్టి ఆపేసేవారు. పగటి షోలో గెలిస్తే 516 డాలర్ల 32 సెంట్లు! ఆ చిల్లరలోనే ఉంది వెటకారమంతా. మరి ఓడినవాడు గంతులెందుకు వేశాడు?

అమలాపురం:
ముక్కుతోడ నూది మురళి వాయించుచు
తాళ మొప్పకున్న ధైర్య మొప్ప
వీధివారు నవ్వ వేడుక మీరంగ
గంట మోగ నోడి గంతు లిడెను

భీమవరం: యతులు కుదిరాయండి. కానీ గెంతిందెవరో పద్యంలో లేడు. కారణం కూడా ‘వేడుక’ మీదకి నెట్టేశారు.

అమలాపురం: నవ్వితే చాలదా అండీ? కనుమనాడు జగ్గన్నతోట తీర్థంలో ఎవడైనా సైకిల్ మీద వెనక్కి తిరిగి కూర్చుని తొక్కితే, ఊరేగే ప్రభల్ని వదిలేసి వాడి చుట్టూ మూగమూ?

భీమవరం: సరే, నాది అవధానం (ఒకేసారి పలువురి ప్రశ్నలకి జవాబు చెప్పే విద్య) వైపు తిప్పాను. అవధానాలకి పేరుమోసిన తిరుపతి వేంకట కవుల్లో ఒకరిది యండగండి, ఒకరిది కడియం, రెండూ మన గోదావరి ఊళ్లే. మనకి గంటంటే ఘంటాగణనమే కదా: పృచ్ఛకుడు (ప్రశ్నించేవాడు) నడుమ నడుమ గంట కొడతాడు, ఎన్నిసార్లో అవధాని లెక్కపెట్టి చెప్పాలి.

లెక్క తప్పజేయ లేచి మోగించుచు
పృచ్ఛకుండు వేయు పెక్కు చిక్కు
లన్ని దాటి చెప్ప నవధాని సంఖ్యను
గంట మోగ నోడి గంతు లిడెను

నిర్వాహకుడు: భేష్! ఓడినందుకు సంతోషించేవాడు పృచ్ఛకుడొక్కడే. సమస్య విడిపోయింది. అయితే సంఖ్య చెప్పేశాక మళ్లీ గంటెందుకు మోగింది?

భీమవరం: ఆనందం పట్టలేక తనే కొట్టాడండి.

నిర్వాహకుడు: ఒప్పుకున్నాం. నిజానికి పద్యం అల్లుతూ గంటలు లెక్కపెట్టడం, నడుమ అప్రస్తుతప్రసంగి (సంబంధం లేని ప్రశ్నలతో అడ్డుతగిలేవాడు) ‘పులస ఎంతకి కొన్నారు?’ అంటే చురక వెయ్యడం... ఇంతకన్నా వింత విద్య ఏముంది? మనది సరస్వతి, టీవీ వాళ్లది వెకిలి అని గీత గియ్యడం నా వల్ల కాదు.

రాజోలు: నేను విరుపు మార్చాను, తిట్టకండి.

పంటితోడ పీచు పట్టి కొబ్బరికాయ
వలిచి చూపె మామ వందమంది
చూడ, జడ్జి చేతి సుత్తి లేవకయుండ
గంట మోగనోడి గంతు లిడెను

భీమవరం: ఓరి మీ అల్లరి! గంట మోగనివాడంటే గెలిచినవాడే కదా. ‘మోగనివాని’ అనాలి, ‘మోగనోడి’ పామర ప్రయోగం. కానీ పైన ‘జడ్జి’ని కూర్చోబెట్టారు గనక చెల్లుతుంది. సుత్తి లేవకపోవడం మాత్రం నాకు బాగా నచ్చింది. అన్నట్టు, ఒలుపు కూలీలే గునపానికి గుచ్చి ఒలుస్తారే, మీ మామ పళ్లతో ఎలా?

రాజోలు: ముందు పన్ను ఒకటి ఊడిందండి. ఆటవెలదిలో దానికి చోటు దొరకలేదు.