ఇల్లు మారుతున్నాం, మధ్యలో ఊరికీ వెళ్తున్నాం: ఇంటర్నెట్ ఫోను సంగతి ఏం చేశారు?

ఎడిసన్‌మేడ

న్యూజెర్సీలోని ఎడిసన్ నుంచి టెక్సస్‌లోని ఫ్రిస్కోకు మారుతున్నాం. కొత్త ఇల్లు చేతికి వచ్చేలోపు కొన్ని వారాలు గుంటూరులో ఉంటాం. ఇంట్లో ఇంటర్నెట్ ఫోను ఉంది. రూటర్ పక్కన చిన్న పెట్టె, దానికి మామూలు ఫోను సెట్టు. దాని అసలు యజమాని మా అత్తయ్య. సెల్‌ఫోనులో పేర్లు వెతకడం ఆవిడకు చికాకు. నంబర్లన్నీ నోటికి వచ్చు, నొక్కి చెవి దగ్గర పెట్టుకోవడమే. 732తో మొదలయ్యే ఆ నంబరు డాక్టరు దగ్గర, మందుల షాపులో, గుడిలో, చుట్టాలందరి డైరీల్లో ఉంది.

ఆ నంబరు టెక్సస్‌లో పని చేస్తుందా? పెట్టెను గుంటూరు తీసుకువెళ్తే అక్కడా మోగుతుందా? ఇంట్లో నెట్ తీసేసిన రోజుల్లో వచ్చే కాల్స్ ఏమవుతాయి? కంపెనీవారి సహాయ పేజీ చదివాను. ప్రతి పేరాలోనూ చాలా సులభం అని ఉంది, ఎలాగో మాత్రం లేదు.

ఇర్వింగ్‌వీధి

మొదటి ప్రశ్నకు జవాబు: పని చేస్తుంది. ఆ నంబరు మీ ఇంటిది కాదు, మీ ఖాతాది. పెట్టె ఏ రాష్ట్రంలో నెట్‌కు తగిలించినా వెళ్ళి కంపెనీ సర్వర్‌కు తన ఉనికి చెప్పుకుంటుంది, సర్వర్ అక్కడికే కాల్స్ పంపుతుంది. మేమూ న్యూజెర్సీ నుంచే టెక్సస్ వచ్చాం, ఇప్పటికీ 732 నంబరే. ఇక్కడి ప్లంబరు ఆ నంబరు చూసి ఏదో అమ్మకాల కాల్ అనుకుని ఎత్తడు, అంతకు మించి ఇబ్బంది లేదు.

కానీ మీరు అడగని ప్రశ్న ఒకటుంది. 911 చిరునామా, అంటే అమెరికా అత్యవసర నంబరు 911 కోసం ఖాతాలో రాసే చిరునామా. పెట్టె ఎక్కడుందో కంపెనీకి దానంతట అది తెలియదు, మీరు నమోదు చేసిన చిరునామానే నమ్ముతుంది. ఫ్రిస్కోలో అత్తయ్యగారికి ఒంట్లో బాగాలేక 911 నొక్కితే, ఖాతాలో ఎడిసన్ చిరునామా ఉంటే ఆ కాల్ న్యూజెర్సీ కేంద్రానికి పోతుంది, అంబులెన్సు మీ పాత ఇంటి తలుపు కొడుతుంది. 2005లో అమెరికా కమ్యూనికేషన్ల కమిషన్ ఇలాంటి కంపెనీలన్నీ 911 సేవ ఇవ్వాలని, వాడుకదారు ఉన్న చోటును నమోదు చేయాలని నిబంధన పెట్టింది. చోటు మారిందని చెప్పాల్సింది మాత్రం మనమే.

బిల్లు చిరునామా మార్చి పని అయిపోయిందనుకునేవారు చాలామంది. రెండూ వేర్వేరు గడులు. మార్చాక 933 నొక్కి చూడండి. చాలా కంపెనీల్లో, నమోదై ఉన్న చిరునామాను ఒక గొంతు చదివి వినిపిస్తుంది.

వైర్లపెట్టె

ఇర్వింగ్ గారు చెప్పింది అక్షరాలా నిజం. నేను ఈ పనిలోనే ఉన్నాను కాబట్టి కొత్త ఇంట్లో ఎదురయ్యేవి కొన్ని చెబుతాను.

ఒక కాల్‌కు అటూ ఇటూ దాదాపు 100 కిలోబిట్లు చాలు. ఈ రోజుల్లో ఏ ఇంటి నెట్ అయినా దానికి ఎన్నో రెట్లు ఇస్తుంది. మరి గొంతు ఎందుకు తెగుతుంది? వేగం తక్కువై కాదు, వరుస తప్పి. పిల్లలు వీడియో అప్‌లోడ్ పెట్టినప్పుడు మాటల ప్యాకెట్లు దాని వెనక క్యూలో నిలబడతాయి. రూటర్‌లో ఫోనుకు ముందు దారి ఇచ్చే సెట్టింగ్ ఉంటుంది, పెట్టెకు అది ఇవ్వండి.

రెండోది, అందరినీ తిప్పలు పెట్టేది: మీ మాట వాళ్ళకు వినిపిస్తుంది, వాళ్ళ మాట మీకు వినిపించదు. లేదా కాల్ కలిసిన కాసేపటికి మౌనం. కొత్త కంపెనీ ఇచ్చిన మోడెమ్‌లోనే రూటర్ ఉండి, దాని వెనక మీరు మీ సొంత రూటర్ కూడా పెడితే ఇలా జరుగుతుంటుంది. మోడెమ్‌ను బ్రిడ్జ్ పద్ధతిలోకి, అంటే దానిలోని రూటర్ పని ఆగిపోయేలా మార్చండి. అది కుదరకపోతే పెట్టెను నేరుగా మోడెమ్‌కే తగిలించండి. రూటర్‌లో సిప్ ఏఎల్‌జీ అనే సెట్టింగ్ ఉంటే ఆపేయండి. పేరుకు ఇంటర్నెట్ కాల్స్‌కు సాయం చేయడానికి పెట్టారు, చేసేది ఎక్కువగా చెరుపే.

కరెంటు పోతే పాత రాగి తీగ ఫోనులా ఇది బతకదు. మోడెమ్, రూటర్, పెట్టె మూడింటికీ కలిపి చిన్న యూపీఎస్ కొనండి. టెక్సస్‌లో 2021 ఫిబ్రవరి మంచు తుపానును చూసినవారికి ఇది చెప్పనక్కరలేదు.

కొత్తపేటమామయ్య

మాది మీ కథకు దగ్గర కథ. నేను, మా ఆవిడ సగం ఏడాది గుంటూరులో, సగం ఏడాది అబ్బాయి దగ్గర న్యూజెర్సీలో. పెట్టె మాతోనే వస్తుంది. చేతి సంచీలో వేసుకుంటే విమానాశ్రయం తనిఖీలో ఒకసారి బయటికి తీసి చూస్తారు, అంతే. గుంటూరులో ఫైబర్ రూటర్‌కు తగిలిస్తే అమెరికా నంబరు మోగుతుంది. అట్లాంటాలోని మా చెల్లెలు 732 నంబరుకే చేస్తుంది. నేను ఏ దేశంలో ఉన్నానో నేను చెప్పేదాకా ఆమెకు తెలియదు.

అయితే కొన్ని సంగతులు ఎవరూ ముందు చెప్పరు.

మొదటిది నిద్ర. న్యూజెర్సీలో సాయంత్రం నాలుగున్నర అంటే వేసవిలో గుంటూరులో అర్ధరాత్రి దాటి రెండు గంటలు. కారు వారంటీ అమ్మేవారికి మన నిద్రతో పనేముంది? ఖాతాలో ‘ఈ వేళల్లో మోగవద్దు’ అనే ఏర్పాటు ఉంటుంది. అది అమెరికా గడియారం ప్రకారం నడుస్తుంది కాబట్టి లెక్క కట్టి పెట్టాలి. నవంబరులో వాళ్ళు గడియారం వెనక్కి తిప్పినప్పుడు మళ్ళీ మార్చాలి.

రెండోది ఆలస్యం. మాట గుంటూరు నుంచి అమెరికా వెళ్ళి రావడానికి సెకనులో నాలుగో వంతు వరకూ పడుతుంది. మొదట్లో ఇద్దరూ ఒకేసారి మాట్లాడి, ఇద్దరూ ఒకేసారి ఆగి, మళ్ళీ ఇద్దరూ ‘చెప్పండి’ అంటారు. కొన్నాళ్ళకు అలవాటవుతుంది. కానీ ఈ పెట్టె నుంచి తెనాలికి కాల్ చేయకండి. మాట సముద్రాలు దాటి వెళ్ళి, మళ్ళీ సముద్రాలు దాటి పాతిక కిలోమీటర్ల దూరానికి వస్తుంది. పైగా 011-91 నొక్కాలి, ప్లాన్‌ను బట్టి అంతర్జాతీయ కాల్ చార్జీ. తెనాలికి మన ఊరి సిమ్ ఉంది కదా.

మూడోది ముఖ్యం. ఆ ఫోనులో 911 నొక్కితే న్యూజెర్సీ వారు ఎత్తుతారు. 108 నొక్కితే ఎక్కడికీ పోదు. మేం సెట్టు మీద కాగితం అంటించాం: ‘ఆపదలో ఈ ఫోను ముట్టవద్దు. సెల్ తీసి 108 లేదా 112.’

ఇర్వింగ్‌వీధి

కొత్తపేట గారూ, కాగితం ఆలోచన బాగుంది. మా ఇంట్లో బేబీ సిట్టర్ కోసం కూడా అలాంటిదే పెట్టాలి, ఫోను మీద ఇంటి చిరునామా రాసి.

కూకట్‌పల్లిపాతకాపు

మీ నంబరు దేశాలు దాటుతోంది. మా 040 ల్యాండ్‌లైను విజయవాడ దాకా కూడా రాలేదు. ఇక్కడ నంబరు మార్చుకోకుండా కంపెనీ మారే సౌకర్యం 2011 జనవరిలో దేశమంతా వచ్చింది, కానీ అది మొబైళ్ళకే. ల్యాండ్‌లైను ఎస్‌టీడీ కోడ్‌తో ముడిపడింది, ఊరు మారితే నంబరు వదులుకోవాల్సిందే. 2018లో ఇంటర్నెట్ టెలిఫోనీకి అనుమతి వచ్చాక బీఎస్‌ఎన్‌ఎల్ వింగ్స్ అని తెచ్చింది. అప్పట్లో ఏడాదికి 1,099 రూపాయలు, సిమ్ లేకుండా యాప్‌లోనే పది అంకెల నంబరు. మంచి ఆలోచన, మా వీధిలో వాడినవారిని మాత్రం నేను చూడలేదు. మరుసటి ఏడాది చివర ఎయిర్‌టెల్, 2020 జనవరిలో జియో వైఫై కాలింగ్ తెచ్చాయి. దాంతో సిగ్నల్ అందని కొత్త ఫ్లాట్లో మామూలు నంబరే వైఫై మీద మోగడం మొదలైంది.

రెండుసిమ్ముల

పెట్టెను మోయడం ఎందుకు అనే పక్షం నాది. చాలా కంపెనీలకు యాప్ ఉంది. పాత ఫోనో టాబ్లెట్టో తీసుకుని అందులో యాప్ వేసి, గుంటూరులో వైఫైకి కలిపి బల్ల మీద పెడితే అదే నంబరు మోగుతుంది. పెట్టె సూట్‌కేసులో భద్రంగా ఫ్రిస్కోకు పోతుంది.

ఇంకో సంగతి. ఇంటర్నెట్ ఫోను నంబరును బ్యాంకులకు ఇవ్వకండి. ఓటీపీ పంపే ముందు అది ఏ రకం నంబరో చాలా అమెరికా బ్యాంకులు చూస్తాయి, ఇంటర్నెట్ నంబరైతే నిరాకరిస్తాయి, లేదా సందేశం చేరదు. వాటికి అసలైన సెల్ నంబరే ఉండాలి. దాన్ని గుంటూరులో బతికించడానికి వైఫై కాలింగ్ చాలు, మీ కంపెనీ విదేశాల నుంచి దాన్ని అనుమతిస్తే. అమెరికాలో ఉండగానే ఆన్ చేయండి, అది కూడా అత్యవసర చిరునామా అడుగుతుంది. అక్కడ దిగాక ఫోనును విమానం పద్ధతిలో పెట్టి వైఫై ఒక్కటే ఆన్ చేస్తే రోమింగ్ చార్జీల భయం ఉండదు.

కొత్తపేటమామయ్య

మీ యాప్ మా ఆవిడకు పనికిరాదు బాబూ. టాబ్లెట్ నిద్రపోతుంది, మనవడు ఆట ఆడి చార్జింగ్ అయిపోగొడతాడు, మోగినప్పుడు ఎటు జరపాలో తెలియదు. ఎడిసన్‌మేడ గారి అత్తయ్యగారిదీ అదే కోవ అనిపిస్తోంది. పెద్దవాళ్ళకు రిసీవరే మేలు.

దుబాయ్‌తీరం

దుబాయ్ మీదుగా వెళ్ళేవారికి ఒక మాట. యూఏఈలో వాట్సాప్ కాల్స్ నడవవు, సందేశాలు మాత్రం పోతాయి. అనుమతి లేని ఇంటర్నెట్ కాలింగ్ యాప్‌లదీ అంతే. మీ అమెరికా యాప్ విమానాశ్రయంలో మోగకపోతే అది చెడిపోయిందని విప్పి చూడకండి. ఇక్కడ మేం జగిత్యాలకు, నిజామాబాదుకు మాట్లాడేది బోటిమ్ లాంటి అనుమతి ఉన్న యాప్‌లతో. వేరే దేశంలో ఉన్నట్టు నెట్‌కు చూపించే వీపీఎన్ పెట్టుకోమని ఎవరో ఒకరు సలహా ఇస్తారు. నిషేధం తప్పించుకోవడానికి దాన్ని వాడితే ఇక్కడి 2021 చట్టంలో జరిమానా 5 లక్షల దిర్హముల నుంచి మొదలవుతుంది. అత్తయ్యగారికి ముందే చెప్పండి, ఆ కొన్ని గంటలు సందేశాలతో సరిపెట్టుకోవాలని.

ఎడిసన్‌మేడ

అందరికీ ధన్యవాదాలు. ఫ్రిస్కోలో కేబుల్ కంపెనీ నెట్‌తో పాటు ఇంటి ఫోను చౌకగా ఇస్తానంటోంది. 732 నంబరును అందులోకి మార్చుకోవచ్చా? లేదా అసలు గూగుల్ వాయిస్‌కు పోవడమే మంచిదా?

వైర్లపెట్టె

కేబుల్ కంపెనీలు సాధారణంగా తమ ప్రాంతం నంబర్లనే తీసుకుంటాయి. న్యూజెర్సీ నంబరును టెక్సస్ కేబుల్ లైను మీదికి తేవడం అయ్యే పని కాదు. ఉన్నచోటే ఉంచండి.

గూగుల్ వాయిస్ నేరుగా ఇలాంటి నంబర్లను తీసుకోదు, సెల్ నంబర్లనే తీసుకుంటుంది, అదీ 20 డాలర్లకు. కొందరు ముందు నంబరును ప్రీపెయిడ్ సిమ్ మీదికి మార్చి, అక్కడి నుంచి వాయిస్‌కు మారుస్తారు. దారి ఉంది, కానీ మామూలు ఖాతాలో 911 కాల్స్ పోవు. పెద్దావిడ ఉన్న ఇంట్లో ఏకైక ఫోనుగా దాన్ని నేను పెట్టను.

ఎప్పుడైనా కంపెనీ మారాలంటే రెండు జాగ్రత్తలు. నంబరు కొత్త చోట మోగేదాకా పాత ఖాతా మూసేయకండి. మూసేస్తే నంబరు పోయినట్టే. ఇల్లు మారే వారంలోనే పోర్ట్ (నంబరును వేరే కంపెనీకి మార్చే) అర్జీ పెట్టకండి. అర్జీలో రాసిన పేరు, పిన్‌కోడ్ పాత కంపెనీ దస్త్రాల్లో ఉన్నదానితో సరిపోలకపోతే తిరస్కరిస్తారు. సగం చోట్ల చిరునామా మార్చి సగం చోట్ల మార్చని వారంలో ఇదే జరుగుతుంది. ముందు ఒకటి పూర్తిచేసి తర్వాత రెండోది.

రెండుసిమ్ముల

మీ మూడో ప్రశ్నకు ఎవరూ జవాబు ఇవ్వలేదు. ఖాతాలో ‘పెట్టెకు నెట్ లేనప్పుడు ఈ నంబరుకు మళ్ళించు’ అనే ఏర్పాటు వెతకండి. అందులో మీ సెల్ నంబరు పెడితే పెట్టె తీసిన క్షణం నుంచి కాల్స్ సెల్‌కు వస్తాయి. మామూలు కాల్ ఫార్వర్డింగ్ వేరు, దాన్ని మనం గుర్తుపెట్టుకుని ఆన్ చేయాలి. ఇది దానంతట అదే పని చేస్తుంది. మళ్ళించే నంబరుగా భారతదేశం సిమ్ పెడితే మాత్రం ప్రతి కాల్‌కూ అంతర్జాతీయ చార్జీ మీకే పడవచ్చు.

ఎడిసన్‌మేడ

అది దొరికింది, పెట్టేశాను. ఇల్లు చేతికి వచ్చేలోపు ఫ్రిస్కోలో కొన్నాళ్ళు హోటల్లో ఉండాలి. పెట్టె హోటల్ వైఫైకి కలుస్తుందా?

వైర్లపెట్టె

నేరుగా కలవదు. హోటల్ నెట్ ముందు ఒక పేజీ చూపించి గది నంబరు, పేరు అడుగుతుంది. పెట్టెకు తెర లేదు, ఆ పేజీలో టైపు చేయలేదు. ప్రయాణాల కోసం అమ్మే చిన్న రూటర్ కొనండి. దాన్ని హోటల్ వైఫైకి కలిపి, ఆ పేజీని మీ ఫోనులో పూర్తిచేసి, పెట్టెను రూటర్‌కు తీగతో తగిలించండి. ఆ కొన్నాళ్ళకు కూడా 911 చిరునామాలో హోటల్ పేరు, గది నంబరు రాయండి.

ఎడిసన్‌మేడ

సరే. పెట్టె గుంటూరుకు కూడా వస్తోంది, అత్తయ్య తీర్పు కొత్తపేట గారి పక్షాన వచ్చింది. మా కార్డ్‌లెస్ సెట్టు కూడా తెచ్చుకోవచ్చా? దాని చార్జరు మీద 120 వోల్టులు అని మాత్రమే ఉంది.

కొత్తపేటమామయ్య

తేవద్దు. 120 వోల్టుల చార్జరు మన 230 వోల్టుల ప్లగ్గులో పెడితే కాలిపోతుంది. ఇంటర్నెట్ పెట్టె చార్జరు మీద కూడా ఒకసారి చూడండి. మాదాని మీద 100 నుంచి 240 అని ఉంది, మీదీ అలా ఉంటే ప్లగ్గు మార్చే పిన్ను చాలు.

వైర్లపెట్టె

వోల్టేజీ ఒక్కటే కాదు. అమెరికా కార్డ్‌లెస్ ఫోన్లు 1920 నుంచి 1930 మెగాహెర్ట్జ్ మధ్య మాట్లాడతాయి. భారతదేశంలో అది మొబైల్ కంపెనీలకు ఇచ్చిన బ్యాండ్‌లోని భాగం. ఇంట్లో మీ సెట్టు పని చేసినా, పక్కనున్న టవరుకు అది అడ్డమే, నిబంధనలకూ విరుద్ధం. అక్కడ తీగ ఉన్న మామూలు సెట్టు కొనండి.

కొత్తపేటమామయ్య

బ్రాడీపేటలో బీటెల్ సెట్టు దొరుకుతుంది. తీగ చివరి చిన్న ప్లగ్గు రెండు దేశాల్లోనూ ఒకటే. అత్తయ్యగారికి పెద్ద అంకెల సెట్టు అడగండి.