ఒడియా మీడియం పిల్లలు, తెలుగు బైబిల్: కుటుంబ ప్రార్థన ఎలా?

గుణుపురం నాన్న:
అందరికీ వందనాలు. మేం ఉండేది ఒడిశాలో. ఇంట్లో తెలుగే మాట్లాడతాం గానీ బాబు (11), పాప (8) ఒడియా మీడియం. తెలుగు బైబిల్ చదవలేరు. రాత్రి ప్రార్థనలో మేం చదువుతుంటే కునికిపాట్లు పడతారు. సండేస్కూలుకి వెళ్తున్నారుగా, చాలంటున్నారు మావాళ్లు. ఏ భాషలో, ఎంతసేపు, ఏ వరుసలో చేస్తే వాళ్లకి ఒంటబడుతుంది?

పర్లాకిమిడి టీచరమ్మ:
చాలదు బాబూ. సండేస్కూలు వారానికి గంట. హాజరు, పాటలు, కానుక పోను పాఠానికి మిగిలేది అరగంటలోపే. ద్వితీయోపదేశకాండము 6:7 ఈ పని అమ్మానాన్నల మీదే పెట్టింది. ఇంట్లో కూర్చున్నప్పుడు, దారిలో నడిచేటప్పుడు, పడుకునేటప్పుడు, లేచేటప్పుడు అని వేళలు కూడా చెప్పింది.

ముందు టైము మార్చండి. అన్నం తిన్నాక పెడితే ఏ పిల్లలైనా నిద్రపోతారు. ఏడున్నరకి, తినడానికి ముందు, పావుగంట. పాట రెండు చరణాలు, పది వచనాలు, ఒక ప్రశ్న, ప్రార్థన. మార్కు సువార్తతో మొదలెట్టండి. 16 అధ్యాయాలు, 678 వచనాలు. రోజుకి పది చొప్పున 68 రోజులు. ఆదికాండం నుంచి వరుసగా పట్టుకున్నవాళ్లు నిర్గమకాండం 25 దాకా వచ్చి, ఆరాధన గుడారం కొలతల దగ్గర చతికిలబడతారు.

చదవాల్సింది పిల్లలు. బాబు ఒడియా బైబిల్లో చదువుతాడు, అదే వచనం మీరు తెలుగులో చదువుతారు. మన బైబిల్ తెలుగు గ్రాంథికం కాబట్టి ఒకసారి ఇంటి మాటలో కూడా చెప్పండి. ఫోన్లో రెండు భాషలూ దొరుకుతాయి గానీ మధ్యలో వాట్సాప్ మోగితే ప్రార్థన అక్కడితో సరి. పుస్తకాలే పెట్టుకోండి.

“ఏం అర్థమైంది?” అని అడగొద్దు, “యేసయ్య మంచోడు” అనేసి ఊరుకుంటారు. మార్కు 2 చదివినరోజు “పక్షవాయువు ఉన్న మనిషిని ఎటునుంచి దించారు? గుమ్మంలోంచి ఎందుకు తేలేదు?” అని అడగండి. మళ్లీ పేజీలోకి చూడక తప్పదు.

ప్రార్థన పాడుచేసేది ఎక్కువగా పెద్దాళ్లే. “ప్రభువా, వీడికి లెక్కల్లో బుద్ధి దయచేయి” అని వాడి ఎదుటే అంటే దెప్పినట్టే ఉంటుంది. ఒక్కొక్కరూ ఒక కృతజ్ఞత, ఒక మనవి. అంతే.

కోరాపుట్ అన్న:
టీచరమ్మగారి మాట సరే గానీ తెలుగు లిపి వదలొద్దు తమ్ముడూ. వదిలితే పాటల పుస్తకం మీతోనే ఆగిపోతుంది. ఒడియా వచ్చినవాడికి తెలుగు అక్షరాలు పెద్ద పని కాదు, క ఖ గ ఘ వరుస అదే, గుణింతం తీరూ అదే. తడబడేది ఎ-ఏ, ఒ-ఓ దగ్గర. ఒడియా రాతలో ఆ తేడా లేదు. పైగా ‘అ’ని ‘ఒ’లా పలికే అలవాటు, ‘మరియ’ని ‘మొరియొ’ అంటారు. నవ్వకండి, నవ్వితే మళ్లీ నోరు విప్పరు. నోటికొచ్చిన పాటనే పుస్తకంలో వేలు పెట్టి పాడించండి. మాట ముందే తెలుసు కాబట్టి అక్షరం దొరికిపోతుంది.

తెలుగు క్రైస్తవ కీర్తనలు రాసిన పురుషోత్తమ చౌదరిగారు 1803లో పుట్టింది పర్లాకిమిడి ప్రాంతంలోనే అని కూడా చెప్పండి. తెలుగు కీర్తన అంటే ఎక్కడో ఆంధ్రా సరుకు అనుకుంటారు మన పిల్లలు.

మీరు లూథరనా, బాప్టిస్టా? లూథర్ చిన్న ప్రశ్నోత్తరి (1529) ఇంటి పెద్ద తనవాళ్లకి నేర్పడానికి రాసిందే. కన్ఫర్మేషన్ క్లాసు (ఎదిగిన పిల్లలకి చర్చిలో పెట్టే విశ్వాస పాఠాలు) దాకా ఆగకుండా పది ఆజ్ఞలు ఇప్పుడే మొదలెట్టొచ్చు, వారానికొకటి. బాప్టిస్టులైతే, పిల్లాడు తనంతట తాను నమ్మాకే నీళ్లలో బాప్తిస్మం కాబట్టి, దానికోసం తొందరపెట్టకండి. ఫ్రెండ్స్ అందరూ తీసుకుంటున్నారని గుంపులో దిగినవాడు కాలేజీ హాస్టల్‌కి వెళ్లాక జారిపోతాడు.

సరిహద్దువాడు:
ఎవరూ ఎత్తని సంగతి ఒకటి. 1950 షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు ప్రకారం హిందువులకి, 1956 నుంచి సిక్కులకి, 1990 నుంచి బౌద్ధులకి మాత్రమే ఎస్సీ హోదా. ఎస్టీలకి ఈ మతం షరతు లేదు. క్రైస్తవులమంటే ఎస్సీ హోదా ఉండదు కాబట్టే కొన్ని దళిత కుటుంబాల్లో కాగితం మీద ఒక మతం, ఆదివారం ఇంకొకటి. స్కాలర్‌షిప్ ఫారం నింపేరోజు పిల్లాడు అడుగుతాడు. “నీకెందుకు” అని కసిరితే విశ్వాసం దాచుకునే వస్తువని నేర్చుకుంటాడు. చట్టం ఏం అంటోందో, మీ ఇల్లు ఏం ఎంచుకుందో, దానికి ఏం పోగొట్టుకుందో వాడి వయసుకి తగ్గట్టు చెప్పండి. బాబుకి 11 అంటున్నారు, ఇక ఎంతో దూరం లేదు.

గుణుపురం నాన్న:
మేం బాప్టిస్టులం అన్నా. ఏడు రోజులూ చేయాలా? ఒకరోజు తప్పితే?

పర్లాకిమిడి టీచరమ్మ:
ఐదు రోజులు చాలు. శనివారం కొత్త వచనం వద్దు, కంఠత వాక్యం మాత్రం అప్పజెప్పించుకోండి, నెలకి రెండు మించకుండా. ఆదివారం ఎలాగూ చర్చి. తప్పిన రోజుకి మర్నాడు ఇరవై వచనాలు చదివించకండి, శిక్షలా అనిపిస్తుంది. ఆగినచోటి నుంచే పదండి. ఐదు రోజుల లెక్కన మార్కు 14 వారాలు పడుతుంది. జనవరి మొదటి వారంలో పట్టుకుంటే, ఒకటి రెండు వారాలు అటూ ఇటుగా, యేసయ్య తిరిగి లేచిన ఖాళీ సమాధి అధ్యాయం ఈస్టరు రోజుల్లోకి వస్తుంది.