ఈ వారం సమస్య: శంకరాభరణమె యేడ్చె జగము వినగ

నిర్వాహకుడు, తిరుపతి: తేటగీతి అనే ఛందస్సులో పాదం ఇది. దీన్నే చివరి పాదంగా పెట్టి పద్యం పూరించాలి. ఎందుకు ఇచ్చానో చెబుతాను. గ్లూక్ అనే స్వరకర్త 'ఓర్ఫియో ఎడ్ యూరిడీచె' అనే ఒపేరా, అంటే పాటలతో నడిచే నాటకం, రాశాడు. 1762లో వియన్నాలో మొదటిసారి ఆడారు. చనిపోయిన భార్యను ఓర్ఫియో తన పాటతో మృత్యులోకం నుంచి వెనక్కి తెచ్చుకుంటాడు. దారిలో తిరిగి చూడకూడదన్నది షరతు. చూస్తాడు, ఆమె మళ్ళీ పోతుంది. అప్పుడు 'నువ్వు లేక నేనేం చేయను' అని పాడతాడు. ఆ పాట సి మేజర్‌లో ఉంది. మేజర్ అంటే పాశ్చాత్య సంగీతంలో వెలుగుగా వినిపించే స్వరవరుస. స్వరాల వరకు అది మన 29వ మేళకర్త రాగం ధీరశంకరాభరణమే. అంత దుఃఖానికి అంత వెలుగున్న మెట్లు ఎంచుకున్నాడు. కాత్లీన్ ఫెర్రియర్ అనే గాయని 1946లో ఇంగ్లిష్‌లో పాడిన రికార్డు విని పూరించండి.

పీలేరు తమ్ముడు:

వీణ మీటి యముని నైన వేడి గెలిచి
తిరిగి చూడగనే సతి తిరిగి పోయె
ఏమి చేతు నే నిక నను నెలుగు లోన
శంకరాభరణమె యేడ్చె జగము వినగ

పుత్తూరు అక్కయ్య: తమ్ముడూ, రెండో పాదం చాలా బాగుంది. రెండు 'తిరిగి'లూ వేరు వేరు పనులు చేస్తున్నాయి, యతి (పాదం మొదటి అక్షరానికి మధ్యలో కుదరాల్సిన జత) కూడా వాటి మీదే పడింది. కానీ 'గెలిచి' అన్నది అతను, 'పోయె' అన్నది ఆమె. క్త్వార్థకానికి, అంటే 'గెలిచి' లాంటి అసమాపక క్రియకు, కర్త మారిపోయింది.

పీలేరు తమ్ముడు: నిజమే అక్కా. 'వేడి గెలిచె' అంటే సరిపోతుంది కదా?

నిర్వాహకుడు: సరిపోతుంది. గణం అదే, వాక్యం కూడా అక్కడ ఆగుతుంది. ఆ విరుపు కథకు కూడా మంచిది. గెలిచాడు అనుకున్న క్షణంలోనే కదా పోగొట్టుకున్నాడు.

చంద్రగిరి మాస్టారు: నేను నలభై ఏళ్ళు వయొలిన్ చెప్పినవాణ్ణి, నాకు కథ కన్నా నడక, అంటే పాడే వేగం, ముఖ్యం. గ్లూక్ స్వయంగా 1770లో మరో ఒపేరా పీఠికలో ఈ పాట గురించి రాశాడు. పాడే తీరు కొంచెం మార్చినా ఇది తోలుబొమ్మల గంతులాట అయిపోతుందన్నాడు. 1854లో హాన్స్‌లిక్ అనే విమర్శకుడు ఇంకో అడుగు ముందుకేశాడు. ఇదే వరుసకు సంతోషం మాటలు పెట్టినా అతుకుతాయన్నాడు. నా పూరణ:

నడక పెంచిన బొమ్మల నాట్య మగును
నిలిపి పాడిన గుండెయె నీరు కారు
కాల మెరిగిన గాయకి కంఠ మందు
శంకరాభరణమె యేడ్చె జగము వినగ

మన కొండ మీది రాగిరేకులనే చూడండి. అన్నమయ్య కీర్తనలకు రాగం పేరు చెక్కారు, ఎంత నడకలో పాడాలో చెక్కలేదు. అందుకే ఒకే కీర్తన ఒకరి నోట లాలి అవుతుంది, ఇంకొకరి నోట కోలాటం అవుతుంది.

పుత్తూరు అక్కయ్య: మాస్టారూ, దండం. 'కాలమెరిగిన' దగ్గర కాలప్రమాణమూ ఉంది, ఫెర్రియర్ కాలమూ ఉంది. 1953 ఫిబ్రవరిలో లండన్‌లోని కోవెంట్ గార్డెన్ ఒపేరా హౌస్‌లో ఇదే ఓర్ఫియో పాత్ర వేస్తుండగా జబ్బుతో గుల్లబారిన ఆమె తొడ ఎముక విరిగింది. అయినా ఆ ప్రదర్శన పూర్తి చేసింది. అక్టోబరులో పోయింది. ఆ సంగతి తెలిసి వింటే మూడో పాదం దగ్గర ఆగిపోయాను.

నిర్వాహకుడు: రికార్డు అంతకు ఏడేళ్ళ ముందుదని మరవొద్దు. ఆ గొంతులో చావు భయం లేదు. ఏడుపును బయటికి ఒలకనివ్వకుండా తిన్నగా పాడింది, నాకు పట్టుకున్నది ఆ నిగ్రహమే. పల్లవి తిరిగి వచ్చిన ప్రతిసారీ అదే వెలుగు. మధ్యలో కాసేపు మైనర్ (దిగులుగా వినిపించే స్వరవరుస) నీడ పడి, మళ్ళీ మేజర్‌లోకి వస్తుంది. ఓదార్పు దొరకని మనిషి అదే మాట పట్టుకుని తిరగడం అలాగే ఉంటుంది.

కాళహస్తి సభ్యుడు: నాకు పాత రికార్డుల పిచ్చి. అందుకే ఇలా:

యంత్ర వేగము మారిన స్థాయి మారు
మందగించిన బరువగు మాట; యపుడు
చెప్పగలమె యే శ్రుతియందు జెలియ కొరకు
శంకరాభరణమె యేడ్చె జగము వినగ

నిమిషానికి 78 చుట్లకు కోసిన రికార్డును దాదాపు 82.6 చుట్లకు తిప్పితే అర మెట్టు పైకి పోతుంది. మన లెక్కలో ఒకటి శ్రుతి కాస్తా ఒకటిన్నర అవుతుంది. నడక కూడా అంతే పెరుగుతుంది.

చంద్రగిరి మాస్టారు: భావం కొత్తది నాయనా. మొదటి పాదంలో యతి లేదు, య-కు స్థా-తో మైత్రి కుదరదు. 'చక్ర వేగము మారిన స్థాయి మారు' అనండి. చ-కు స-తో కుదురుతుంది, తిరిగే పళ్ళెం కూడా కళ్ళకు కడుతుంది.

పీలేరు తమ్ముడు: 'స్థా' ముందున్న 'న' గురువు (రెండు మాత్రల అక్షరం) అవదా సార్?

చంద్రగిరి మాస్టారు: వేరు వేరు పదాలు, ముందున్నది తెలుగు మాట. కానక్కర లేదు.

నిర్వాహకుడు: నాదొక మాట అన్నా. శ్రుతి మారితే రాగం మారదు. గ్లూకే 1774లో పారిస్ కోసం హెచ్చు స్థాయి మగ గొంతుకు తగ్గట్టు ఇదే పాటను ఎఫ్ మేజర్‌లోకి ఎక్కించాడు. శోకం ఎక్కడికీ పోలేదు. రికార్డు వేగం పెరిగినప్పుడు మనల్ని కలవరపెట్టేది నడక. పై స్థాయి గొంతును పలచన చేస్తుంది, అంతవరకే. మీ మూడో పాదం 'ఏ శ్రుతి' అని అడిగింది, 'ఏ నడక' అని అడగాల్సిన చోటు అది.

పుత్తూరు అక్కయ్య: నేను ఒపేరా వదిలి మన ఇంటికి వచ్చాను:

పెండ్లి పందిట సన్నాయి వెంట రాగ
కన్న తల్లికి వీడ్కోలు గనుల దెలిపి
ఆడ పిల్ల వెనుదిరుగ నయ్య యెదను
శంకరాభరణమె యేడ్చె జగము వినగ

కాళహస్తి సభ్యుడు: అక్కా, నాయన గుండెలో ఏడిస్తే జగం ఎట్లా వింటుంది?

పుత్తూరు అక్కయ్య: సన్నాయి ఉంది కదప్పా. ఆయన దాచుకున్నది అది వినిపిస్తుంది. అప్పగింతల వేళ అదే శంకరాభరణం, ముహూర్తానికి వాయించినదే. సాగదీసి వాయిస్తారు, అంతే తేడా.

నిర్వాహకుడు: మాస్టారి పద్యం, అక్కయ్య పద్యం ఒకే మాట చెప్పాయి: మెట్లు అవే, నడక వేరు. ఈ వారానికి మాస్టారిది మొదట పెడుతున్నాను. అక్కయ్య పద్యానికి కథ బలం ఉంది, అయినా 'యెదను' తర్వాత 'జగము వినగ' రావడానికి సన్నాయి మొదటి పాదంలో కాక మూడో పాదంలో ఉండాలి. అక్కా, మార్చి పెట్టండి. కాళహస్తి అన్నా, మీరు 'చక్ర'తో సవరించి మూడో పాదం మళ్ళీ చూడండి. ఆదివారం సాయంత్రం వరకు గడువు ఉంది.