‘పెద్దలను ఏర్పరచి’ (అపొ. కార్యములు 14:23): ఎన్నుకున్నారనా, నియమించారనా?

పోస్టు పెట్టినవారు:
బైబిలు తెలుగు మీద కూడా ఇక్కడ మాట్లాడుకోవచ్చని అడ్మిన్ గారు అన్నారు కాబట్టి అడుగుతున్నాను. మా సంఘంలో కొత్తగా పెద్దల్ని పెట్టుకోవాలి. ఓట్లు పెడదామని కుర్రాళ్ళు, పాస్టరుగారే పేర్లు చెప్పాలని పెద్దవాళ్ళు. విచిత్రం ఏంటంటే రెండు వర్గాలూ పట్టుకొచ్చింది ఒకటే వచనం. పౌలు, బర్నబా లుస్త్ర, ఈకొనియ, అంతియొకయ మీదుగా తిరిగి వస్తూ ‘ప్రతి సంఘములో వారికి పెద్దలను ఏర్పరచి’ వెళ్ళారని ఉంది కదా, అది. ఏర్పరచి అంటే ఎన్నిక పెట్టారనా, వాళ్ళిద్దరే నియమించేశారనా? గ్రీకులో ‘చేతులెత్తి ఓటెయ్యడం’ అని ఉందని ఒకతను వాట్సాప్‌లో పెట్టాడు, అప్పట్నుంచి టెన్షన్ ఇంకా పెరిగింది. మత చర్చ వద్దండీ, మాట సంగతి చెప్పండి చాలు.

రిటైర్డ్ తెలుగు పండితులు:
ముందు తెలుగు సంగతి. ఏర్పరచు అన్నది ‘ఏరు’ మీద నిలబడ్డ మాట. బియ్యంలో రాళ్ళు ఏరడం అంటామే, అదే ఏరు. ఏర్పడు అంటే పాత తెలుగులో విడిగా తెలియడం, తేటపడడం. ఇప్పుడేమో ‘కమిటీ ఏర్పడింది’, ‘ఏర్పాట్లు జరుగుతున్నాయి’ అంటున్నాం, ఏరడం అన్న అర్థం అడుగున ఎక్కడో ఉండిపోయింది. అందుకే ఈ కాలం పాఠకుడికి ‘పెద్దలను ఏర్పరచి’ అంటే పెద్దల వ్యవస్థ ఒకటి పెట్టి వెళ్ళారన్నట్టు వినపడుతుంది. బైబిలు తెలుగులో అది కాదు, ఏరి తీయడమే. ‘ఏర్పరచుకొనిన జనము’ అన్నప్పుడు ఎవరికీ అనుమానం రాదు కదా. మరి ఏరింది ఎవరు అన్నది ఆ క్రియ చెప్పదు, కర్తను చూసుకోవాలి. గ్రీకు నాకు రాదు, వచ్చినవాళ్ళు అందుకోండి.

గ్రీకు చదువుతున్న సభ్యుడు:
మాస్టారూ, కర్తను చూడమన్నారు, అసలు తాళం చెవి అక్కడే ఉంది.

అక్కడి గ్రీకు క్రియ ఖైరొతొనేయో. ఖైర్ అంటే చెయ్యి, రెండో ముక్క చాచడం. వాట్సాప్ ఆయన చెప్పింది పుట్టుక వరకు నిజమే. ఏథెన్స్‌లో సైన్యాధిపతుల్ని ఏటా సభలో చేతులెత్తే ఎన్నుకునేవారు, ఆ పద్ధతికి ఇదే పేరు. కానీ పౌలు కాలానికి ఈ మాట బాగా అరిగిపోయి, ఎవరు ఎలా ఎంచుకున్నా సరే ‘ఎంచు’ అన్నంత మామూలుగా వాడుతున్నారు. రుజువు అదే పుస్తకంలో ఉంది: 10:41లో ‘దేవునిచేత ముందుగా ఏర్పరచబడిన సాక్షులు’ అన్నచోట ఇదే క్రియ, ముందు ‘ప్రో’ తగిలించి. అక్కడ ఎంచింది దేవుడు. దేవుడు చెయ్యెత్తి ఓటేశాడని ఎవరూ అనరుగా.

ఇక 14:23లో కర్త పౌలు, బర్నబా. ఇద్దరే. వ్యాకరణం ప్రకారం చెయ్యి చాచినవాళ్ళు ఉంటే వాళ్ళిద్దరే కావాలి తప్ప లుస్త్ర సంఘం కాదు. ఇద్దరు చేతులెత్తితే దాన్ని ఎన్నిక అనం. కాబట్టి ‘గ్రీకులో ఓటు ఉంది’ అన్న వాదం ఈ వచనం మీద నిలబడదు.

అలాగని రెండో వర్గం సంబరపడక్కర్లేదు. రెండో కొరింథీయులకు 8:19 తీయండి. యెరూషలేము బీదల కోసం పోగుచేసిన చందా డబ్బు మొయ్యడానికి పౌలుకు తోడుగా ఒక సోదరుణ్ణి పంపుతారు, అక్కడ అచ్చంగా ఇదే క్రియ, కానీ కర్త సంఘాలు. తెలుగులో ‘సంఘములవారతని ఏర్పరచుకొనిరి’. డబ్బు విషయం కదా, తన మనిషిని తానే పెట్టుకున్నాడన్న మాట రాకుండా పౌలు జాగ్రత్తపడుతున్నాడు, తర్వాతి రెండు వచనాల్లో ఆ సంగతి ఆయనే చెబుతాడు కూడా. సరే, ఇప్పుడు తెలుగు అనువాదకుల పని చూడండి: మూడు చోట్లా ‘ఏర్పరచు’నే పట్టుకున్నారు, సంఘం తన కోసం తాను ఎంచుకున్నచోట మాత్రం ‘కొను’ చేర్చారు. గ్రీకు ఎంత చెబుతోందో అంతే చెప్పి ఆగారు. ‘నియమించి’ అని రాసేస్తే పెద్దవాళ్ళ పక్షం, ‘ఎన్నుకొని’ అని రాస్తే కుర్రాళ్ళ పక్షం అయ్యేది. నా మటుకు ఇది చాలా మంచి అనువాదం.

‘నియమించు’ కావాలంటే తీతుకు 1:5లో ఉంది, ‘ప్రతి పట్టణములోను పెద్దలను నియమించు నిమిత్తమే’ నిన్ను క్రేతులో విడిచివచ్చానని. అక్కడ గ్రీకులో వేరే క్రియ, పదవిలో నిలబెట్టడం అని అర్థం వచ్చేది. అది ఒకరు ఇంకొకరికి అప్పగించిన పని, అందులో సందేహం లేదు.

పోస్టు పెట్టినవారు:
అంటే ఈ వచనం ఎవరికీ పనికి రాదంటారా? ఇంతకీ రెండు పద్ధతులూ కలిసి కనిపించే చోటు ఏమైనా ఉందా అన్నా?

గ్రీకు చదువుతున్న సభ్యుడు:
ఉంది తమ్ముడూ, ఆరో అధ్యాయం. గొడవ మొదలైంది అన్నం దగ్గర. గ్రీకు మాట్లాడే విధవరాండ్రకి రోజువారీ పంపకంలో సరిగ్గా అందట్లేదని సణుగుడు. పన్నెండుమంది అపొస్తలులూ శిష్యులందర్నీ పిలిచి ఏమన్నారు? ‘యేడుగురు మనుష్యులను మీలో ఏర్పరచుకొనుడి. మేము వారిని ఈ పనికి నియమింతుము.’ ఏరడం మీరు, పెట్టడం మేము, ఒకే వచనంలో రెండు క్రియలు, ఇద్దరు కర్తలు. ఎంపికైనవాళ్ళ పేర్లు చూడండి, స్తెఫను, ఫిలిప్పు, ప్రొకొరు, నీకానోరు, తీమోను, పర్మెనాసు, నీకొలాసు, ఏడూ గ్రీకు పేర్లే. ఫిర్యాదు చేసినవాళ్ళ వైపు నుంచే ఎక్కువమందిని ఎంచారని చాలామంది పండితులు అంటారు, నాకూ అదే నిజమనిపిస్తుంది. తర్వాత అపొస్తలులు వాళ్ళ మీద చేతులుంచారు.

సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) వాళ్ళ పద్ధతిలో ఇప్పటికీ దీని ఛాయ ఉంది. బిషప్పు కోసం డయాసిస్ (ఒక బిషప్పు కింద ఉండే ప్రాంతం) కౌన్సిల్ ఓట్లేసి కొన్ని పేర్ల ప్యానెల్ పంపుతుంది, అందులోంచి ఒకర్ని పైన సినడ్ అనే కేంద్ర సభ ఖాయం చేస్తుంది.

మరో సభ్యుడు:
ఓటూ వద్దు నియామకమూ వద్దు, మొదటి అధ్యాయంలో చీట్లు వేశారు కదా, మీరూ చీటీలు తీసెయ్యండి, గొడవే ఉండదు 😀

గ్రీకు చదువుతున్న సభ్యుడు:
నవ్వులాటకి అన్నా మంచి చోటే ముట్టుకున్నారు. యూదా పోయాక ఖాళీ అయిన స్థానం కోసం ఇంచుమించు 120 మంది కూడిన చోట ఇద్దర్ని నిలబెట్టారు, బర్సబ్బా అనే యోసేపు, మత్తీయ. అర్హత ముందే చెప్పేశారు: యోహాను బాప్తిస్మం రోజుల నుంచి యేసు పరలోకానికి వెళ్ళే దాకా వెంట ఉన్నవాడై ఉండాలి. అంటే చీటీ వేసింది ఎవరి పేరు పడితే వాళ్ళ పేరు మీద కాదు, జల్లెడ పట్టగా మిగిలిన ఇద్దరి మీద.

చీటీ అనగానే మనకి మడతపెట్టిన కాగితం గుర్తొస్తుంది గానీ, గ్రీకులో క్లేరోస్, అది రాయి ముక్కో చెక్క ముక్కో. సామెతలు 16:33లో ‘చీట్లు ఒడిలో వేయబడును’ అంటే అలాంటివే. ఈ క్లేరోస్ నుంచే తర్వాత యూరప్ భాషల్లో పాదిరీల వర్గాన్ని పిలిచే ‘క్లెర్జీ’ వచ్చింది. ఇంకో సరదా సంగతి, అపొ. కార్యములు 1:26 చివర మత్తీయ పదకొండుమందితో ‘లెక్కింపబడెను’ అన్నచోట గ్రీకు క్రియలో ప్సేఫోస్ దాక్కుని ఉంది, అంటే గులకరాయి, ఏథెన్స్ కోర్టుల్లో తీర్పుకి ఓటు వేసేది దాంతోనే. అక్కడ చీటీ, చెయ్యి, గులకరాయి మూడూ వేర్వేరు పద్ధతులు, ఈ చిన్న పుస్తకంలో మూడింటి మాటలూ చేరాయి. పైగా ఏథెన్స్‌వాళ్ళ దృష్టిలో చీటీయే అందరికీ సమానమైన పద్ధతి, చేతులెత్తడం అంటే పేరున్నవాడికి లాభం.

మత్తీయ తర్వాత కొత్త నిబంధనలో మళ్ళీ ఎవరినీ చీటీతో ఎంచిన దాఖలా లేదు. కానీ ఈజిప్టు కోప్టిక్ సంఘంలో పోపుని ఇప్పటికీ అలానే తీస్తారు. 2012 నవంబరులో కైరోలో ఓటింగులో మిగిలిన ముగ్గురి పేర్లు ఒక గాజు పాత్రలో వేసి, కళ్ళకి గంతలు కట్టిన పిల్లాడి చేత ఒకటి తీయించారు. అలా వచ్చినాయనే ఇప్పటి రెండో తవద్రోస్.

గుంటూరు నుంచి ఒక సభ్యురాలు:
మేం క్యాథలిక్కులం. మాకు మేత్రాణులు, అంటే బిషప్పులు, రోము నుంచి ప్రకటించగా వస్తారు, మేత్రాసనంలో ఎవరూ ఓటెయ్యరు. మొదట్లో జనమే ఎన్నుకునేవారని మా ఫాదర్ గారు ఒకసారి అన్నారు. నిజమేనా అండీ? ఎప్పుడు పోయింది?

గ్రీకు చదువుతున్న సభ్యుడు:
నిజమే అక్కా. కాకపోతే ‘జనమే’ అని ఒక్క మాటలో అనలేం, జనం కూడా అనాలి.

దిదఖే అని తొలి తరాల నాటి చిన్న పుస్తకం ఉంది, చాలాకాలం కనబడకుండా పోయి 1873లో కాన్‌స్టాంటినోపుల్‌లో రాతప్రతి దొరికింది. అందులో సంఘంతో ‘మీకు మీరు అధ్యక్షులను, పరిచారకులను ఏర్పరచుకోండి’ అంటుంది (ఇక్కడ అధ్యక్షుడంటే బిషప్పు), సాత్వికులై డబ్బు ఆశ లేనివాళ్ళని చూసుకోమని. క్రియ మళ్ళీ మన ఖైరొతొనేయోయే! ఈసారి కర్త స్పష్టంగా సంఘం. మన కుర్రాళ్ళకి వచనం కావాలంటే పాపం ఇదే దొరికి ఉండాల్సింది, కానీ ఇది బైబిల్లో లేదు. దాదాపు అదే రోజుల్లో, 96 ప్రాంతంలో, కొరింథులో పెద్దల్ని దించేస్తే రోము నుంచి క్లెమెంటు ఉత్తరం రాశాడు: వాళ్ళని పెట్టింది అపొస్తలులు, తర్వాత ఇతర గొప్పవాళ్ళు, అయితే ‘సంఘమంతా సమ్మతించగా’ పెట్టారు, ఎలా దించుతారు అని. చూశారా, నియామకాన్ని సమర్థించేవాడు కూడా సమ్మతి ముక్క వదలట్లేదు.

మూడో శతాబ్దంలో కార్తేజి బిషప్పు సిప్రియన్ ఇంకా గట్టిగా అంటాడు, యోగ్యుణ్ణి ఎంచుకునే హక్కు, అయోగ్యుణ్ణి కాదనే హక్కు ముఖ్యంగా జనానిదేనని. ఆయనే జనం పట్టుబట్టి కూర్చోబెట్టిన మనిషి, అక్కడి పెద్దలు కొందరికి ఇష్టం లేకపోయినా. 236లో రోములో బిషప్పుని ఎంచేటప్పుడు, పల్లె నుంచి వచ్చిన ఫాబియన్ అనే ఆయన తల మీద పావురం వాలిందని, జనమంతా ‘ఆక్సియోస్’, అంటే యోగ్యుడు అని అరిచారని సంఘ చరిత్ర రాసిన యూసేబియస్ రాశాడు. పావురం సంగతి ఎవరి నమ్మకం వాళ్ళది. ఆ అరుపు మాత్రం ఆర్థొడాక్స్ సంఘాల్లో పాదిరీ అభిషేకం రోజున ఇప్పటికీ వినపడుతుంది. 374లో మిలానులో ఇంకా వింత. రెండు వర్గాలు కొట్టుకునేలా ఉంటే సర్దిచెప్పడానికి గవర్నరు అంబ్రోస్ గుడికి వచ్చాడు, జనం ఆయన్నే బిషప్పుని చేయమన్నారు. అప్పటికి ఆయనకి బాప్తిస్మమే కాలేదు!

నాకు బాగా నచ్చింది 426 సెప్టెంబరు 26, హిప్పో ఊరు, ఇప్పటి అల్జీరియాలో అన్నాబా. అక్కడి బిషప్పు, ముసలి అగస్టీన్ తన తర్వాత ఎరాక్లియస్ ఉండాలని చెప్పాడు. గుడిలో లేఖకులు కూర్చుని జనం కేకల్ని లెక్కతో సహా రాసుకున్నారు, ‘దేవునికి వందనాలు, క్రీస్తుకు స్తోత్రాలు’ 23 సార్లు, ‘అగస్టీన్ చల్లగా ఉండాలి’ అన్న అర్థంలో 16 సార్లు. ఆ మినిట్స్ ఉత్తరాల సంపుటిలో ఇప్పటికీ ఉంది. పేరు చెప్పింది పైవాడు, ఒప్పుకున్నది జనం, రికార్డు పక్కా. ఇది ఎన్నికా? నియామకమా? మాస్టారి ‘ఏర్పరచు’ ఇక్కడా సరిపోతుంది.

ఎలా పోయింది అంటే, ఒక్క రోజులో పోలేదు. 325లో నైసియా సభ, ఆయా ప్రాంతంలోని బిషప్పులే కొత్తవాణ్ణి పెట్టాలి, కనీసం ముగ్గురు హాజరు కావాలి అంది. 366లో రోములో బిషప్పు పదవి కోసం దమాసస్, ఉర్సీనస్ వర్గాలు కొట్టుకుని ఒక్క రోజే ఒక గుడిలో 137 శవాలు తేలాయి. అదే శతాబ్దంలో లవొదికయ సభ ఎంపికను గుంపులకి వదలొద్దు అంది, ఇలాంటి గొడవలు ఉంటే అనక ఏం చేస్తారు. బిషప్పు పదవికి ఆస్తి, రాజుల ఆదరణ వచ్చాక ఓటుకి కూడా ధర వచ్చింది, అది మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. ఈలోగా ఖైరొతోనియా అన్న మాటే మారిపోయింది: చెయ్యి ఎత్తడం పోయి తల మీద చెయ్యి ఉంచడం అయింది. ఇవాళ గ్రీసులో ఆ మాటకి పాదిరీగా అభిషేకించడం అనే అర్థం. ఆ కొత్త అర్థాన్ని వెనక్కి 14:23లోకి చదివినవాళ్ళు నియామకం అన్నారు, అంతకంటే పాత అర్థాన్ని ముందుకి లాక్కొచ్చినవాళ్ళు ఓటు అన్నారు. వాట్సాప్ గొడవ మొత్తం ఇదే.

మీ ‘మేత్రాణి’ కూడా గమ్మత్తయిన మాటే. గ్రీకు మెట్రోపాలిటన్ సిరియాక్‌లో నలిగి, మలయాళంలో మెత్రాన్ అయింది, దాని చుట్టమే ఇది.

పోస్టు పెట్టినవారు:
చాలా థాంక్స్ అన్నా. రేపు మీటింగులో ఆరో అధ్యాయమే చదువుతాను. ఆఖరి ప్రశ్న, అధ్యక్షులు, పెద్దలు వేర్వేరా?

గ్రీకు చదువుతున్న సభ్యుడు:
మొదట్లో కాదు. 20:17లో పౌలు మిలేతుకి పిలిపించింది ఎఫెసు సంఘం ‘పెద్దలను’, 28లో వాళ్ళనే ‘అధ్యక్షులనుగా ఉంచెను’ అంటాడు. ఒకే ఊళ్ళో ఒకే అధ్యక్షుడు, ఆయన కింద పెద్దలు అన్న వరస సిరియాలోని అంతియొకయ బిషప్పు ఇగ్నేషియస్ ఉత్తరాల్లో, అంటే రెండో శతాబ్దం మొదట్లో గట్టిగా కనబడుతుంది. మన అధ్యక్షుడు మాత్రం ఇప్పుడు ఢిల్లీలోనో పార్టీ ఆఫీసులోనో ఉంటాడు కాబట్టి, మీటింగులో ఆ మాట చదివితే ఒకసారి విడమరిచి చెప్పండి.

రిటైర్డ్ తెలుగు పండితులు:
అదే చేత్తో మొదటి తిమోతి 3:1 కూడా విడమరచండి. అధ్యక్ష పదవి ఆశించేవాడు ‘దొడ్డపనిని అపేక్షించుచున్నాడు’ అని ఉంటుంది. దొడ్డ అంటే గొప్ప, దొడ్డ మనసు అంటామే, అది. ఈ కాలం పిల్లలకి ఆ మాట తెలియదు, వాళ్ళకి తెలిసింది దొడ్డి ఒక్కటే. చదవగానే వెనక బెంచీలో నవ్వులు మొదలవుతాయి, ముందే చెప్పేయండి.