షెఫీల్డ్ వాళ్ల 'నెష్'కి మన దగ్గర మాట ఉందా?

నాలుగేళ్లు ఉత్తర ఇంగ్లండ్‌లో, యార్క్‌షైర్‌లోని షెఫీల్డ్‌లో ఉండి వచ్చాను. అక్కడి మాటల్లో ఒకటి ఇప్పటికీ నోట్లో ఆడుతోంది, దానికి సరైన తెలుగు మాట దొరక్క ఇక్కడ అడుగుతున్నాను. ఆ మాట 'నెష్'.

అక్టోబర్‌లోనే స్వెట్టర్ మీద కోటు, కోటు మీద మఫ్లర్ వేసుకుని పనికి వెళ్తే మా టీమ్‌లో పెద్దాయన ఒకాయన, తను మాత్రం పొట్టిచేతుల చొక్కాలో నిలబడి, నన్ను ఎగాదిగా చూసి "నువ్వు నెష్" అన్నాడు. తిట్టేమో అనుకున్నా. సగం తిట్టే లెండి. కాస్త చల్లగాలికే వణికిపోయేవాణ్ణి అలా అంటారు. మెత్తన అనే అర్థమున్న పాత ఇంగ్లీషు మాట నుంచి వచ్చింది, అంటే వెయ్యేళ్ల నాటిది. ఇంగ్లండ్ నడిమి ప్రాంతమైన మిడ్‌లాండ్స్‌లో కూడా వినిపిస్తుంది. మనకు సుకుమారం, నాజూకు ఉన్నాయి గానీ వాటిలో కాస్త మెచ్చుకోలు ఉంటుంది, పైగా చలి ఊసే లేదు. మా ఇంట్లో 'చలిపిరికి' అంటాం, అది మేం కట్టుకున్నదో నలుగురూ వాడేదో మీరే చెప్పాలి.

ఆయన వల్లే ఇంకో పాఠం కూడా అయ్యింది. ఒక శనివారం వాళ్లింటికి భోజనానికి పిలిచి, సిక్స్ 'వైల్' బయల్దేరకు అన్నాడు. మామూలు ఇంగ్లీషులో 'ఆ సమయంలో' అనే అర్థమున్న 'వైల్' అక్కడ 'దాకా' అవుతుంది. తొమ్మిది నుంచి ఐదు దాకా పనిచేస్తే 'నైన్ వైల్ ఫైవ్' అంటారు. నాకు అప్పటికి ఆ సంగతి తెలీదు, ఆరింటికి రోడ్డు మీద ట్రాఫిక్ ఉంటుందేమో, ఆ టైములో వద్దంటున్నాడు అనుకుని ఐదుకే బయల్దేరి ఐదున్నరకల్లా వాళ్ల గుమ్మం ముందున్నాను. ఇంట్లో ఎవరూ లేరు. వాళ్లొచ్చేదాకా గేటు దగ్గర వణుకుతూ నిలబడ్డ నాకు ఆ రోజు మళ్లీ అదే బిరుదు దక్కింది.

పక్కింటి ముసలావిడ ఓసారి "స్పైస్ కావాలా?" అంటే గరం మసాలా ఇస్తుందేమో అనుకున్నాను, చేతిలో టాఫీ పెట్టింది. అక్కడ మిఠాయిని అలాగే అంటారు.

ఇక అసలు సరదా 'దీ', 'దా'. పాత ఇంగ్లీషు నువ్వు, అంటే 'దౌ' (వాళ్ల నోట 'దా'; 'నిన్ను' అయితే 'దీ'), షెఫీల్డ్ పెద్దవాళ్లలో ఇంకా బతికే ఉంది. దాన్ని 'డ' శబ్దంతో పలుకుతారని పక్కనున్న బార్న్స్‌లీ వాళ్లు వీళ్లకు 'డీ-డా'లని పేరు పెట్టేశారు. చనువున్నవాళ్ల మధ్యే ఆ మాట. చనువు లేనివాడు వాడితే యార్క్‌షైర్ పెద్దవాళ్లు "నన్ను దా అనకు, నిన్ను నువ్వే దా అనుకో, ఎలా ఉంటుందో చూద్దాం" అని గదమాయిస్తారు. కోస్తాలో కొత్తగా పరిచయమైనవాణ్ణి 'నువ్వు' అంటే ముఖం ఎలా పెడతాడో గుర్తొచ్చింది నాకైతే.

బస్సు దిగుతుంటే గుబురు మీసాల డ్రైవర్ "టా, లవ్" అంటాడు, మగవాణ్ణి కూడా ('టా' అంటే థాంక్స్). మొదట్లో సిగ్గేసింది, తర్వాత మన ఊళ్లో మీసాలొచ్చిన కుర్రాణ్ణి కూడా "చెప్పమ్మా" అనడం తట్టింది, ఇక ఇబ్బంది అనిపించలేదు.

అన్నట్టు 'చలిపిరికి' మీ వైపు ఎవరైనా అంటారా? ఇంకో మాట ఉంటే అదీ రాయండి, ఏ జిల్లాదో కూడా.