గ్రూట్ కాన్‌స్టాన్షియా బంగళా: 1685 నాటిదా, 1790ల నాటిదా?

ప్రశ్న:
కేప్‌టౌన్ శివారు కాన్‌స్టాన్షియాలో ద్రాక్షతోటల మధ్య ఉన్న ఈ డచ్చి బంగళా 1685 నాటిదని కొందరు, 1790ల నాటిదని కొందరు రాస్తున్నారు. ఫొటోల్లో రెల్లు కప్పేమో కొత్తదిలా ఉంది. ఏ భాగం ఏ కాలానిదో తేల్చేదెలాగండి?

జవాబు 1:
1685 అనేది భూమి దఖలుపడిన ఏడాది. డచ్చి ఈస్టిండియా కంపెనీ తరఫున తనిఖీకి వచ్చిన వాన్ రీడ్ (అంతకుముందు కొచ్చిన్‌లో అధికారి) దాన్ని కేప్ (దక్షిణాఫ్రికా కొసన ఉన్న డచ్చి వలస) పాలకుడు సైమన్ వాన్ డెర్ స్టెల్‌కు ఇచ్చాడు. 1712లో ఆయన పోయాక ఎస్టేటును మూడు ముక్కలు చేసి అమ్మేశారు. ఇల్లున్న ముక్కే గ్రూట్ కాన్‌స్టాన్షియా. 1778లో కొన్న హెండ్రిక్ క్లూటె తోటలు మళ్లీ వేయించి, ఇంటిని ఇప్పటి రూపానికి తెచ్చాడు. కచ్చితమైన తేదీ కావాలంటే వెనకున్న వైన్ గిడ్డంగి చూడండి, అది 1791 నాటిది. దాని నెత్తిన గద్ద, గనిమీడ్ (గ్రీకు పురాణాల్లో గద్ద ఎత్తుకుపోయిన కుర్రాడు), చుట్టూ పసిపిల్లల బొమ్మలు ఆంటన్ ఆన్రీత్ చెక్కినవి. నా దృష్టిలో అక్కడ ఇంటికన్నా చూడదగ్గది అదే.

జవాబు 2:
కప్పు గురించి మీ అనుమానం సరైనదే. 1925 డిసెంబరులో ఇల్లు కాలిపోయింది. గోడలు మిగిలాయి. కెండల్ అనే ఆర్కిటెక్ట్ తిరిగి కట్టించాడు. కాబట్టి కప్పు, లోపలి చెక్కపని ఆ తర్వాతివి. సామాను కూడా మ్యూజియం కోసం బయటినుంచి సేకరించిందే, క్లూటె వాడినదని అనుకోవద్దు.

కేప్ ఇళ్లకు నిప్పు భయం ఎప్పుడూ ఉండేది. అందుకే అటక పలకల మీద మట్టి గానీ ఇటుక గానీ పరిచేవారు, మండే రెల్లు గదుల్లో పడకుండా. వాకిలి మీద లేచిన అలంకారపు గోడ కూడా అందం కోసమే కాదు. చూరు నుంచి జారే నిప్పు గుమ్మానికి అడ్డం పడకుండా ఆపుతుంది.

గోడలకు సున్నమే వేయాలి. సిమెంటు పూస్తే లోపలి తడి బయటికి పోదు, గోడలోని మట్టి మెత్తబడి పూత పెచ్చులుగా ఊడుతుంది.

జవాబు 3:
ఒకటి కలపాలి. ఆ తోటల్లో, ఇంట్లో చాకిరీ చేసింది బానిసలు. కేప్‌కు అలా తరలించినవాళ్లలో మన కోరమాండల్ తీరం వాళ్లూ ఉన్నారు. మచిలీపట్నంలో, పులికాట్‌లో కొఠీలు నడిపిందీ అదే కంపెనీ. కేప్‌లో బానిసత్వం 1834లో చట్టరీత్యా రద్దయినా, 1838 దాకా వాళ్లను యజమానుల దగ్గరే కట్టిపడేశారు. యజమానుల పేర్లతో పాటు ఈ తేదీలనూ రాసుకోండి.