జపాన్‌తో 0-0, మూడు రోజులకే మొరాకో చేతిలో 0-16. న్యూ కలెడోనియా కుర్రాళ్ల సంగతేంటి?

దూరపు బంతి:
2025 ఖతార్ అండర్-17 ఫుట్‌బాల్ వరల్డ్ కప్‌లో న్యూ కలెడోనియా స్కోర్లు చూస్తే తల తిరుగుతోంది. పోర్చుగల్ చేతిలో 1-6, జపాన్‌తో 0-0, ఆఖర్న మొరాకో చేతిలో 0-16. పసిఫిక్‌లో ఫ్రాన్స్ కింద ఉన్న, 3 లక్షల జనాభా కూడా లేని దీవులు అవి. జపాన్‌ను ఆపింది గాలివాటమా? మరి 16 గోల్స్ ఎలా పడ్డాయి? ఇంకో డౌట్: వాళ్లది ఫ్రాన్స్ పాస్‌పోర్టే కదా, వేరే జట్టుగా ఎలా ఆడతారు? రేపు ఫ్రాన్స్ పిలిస్తే వెళ్లొచ్చా?

గోల్ తేడా:
ముందు 16 సంగతి. 48 జట్లు, 12 గ్రూపులు. ప్రతి గ్రూపులో మొదటి రెండు జట్లతో పాటు మూడో స్థానాల్లో మెరుగైన 8 జట్లు కూడా నాకౌట్‌కు వెళ్తాయి. అంటే మూడో జట్టుకు ఒక్క గెలుపున్నా ఆశ ఉంటుంది, గోల్ తేడా (కొట్టిన గోల్స్‌లోంచి తిన్నవి తీసేస్తే వచ్చేది) మరీ పాతాళంలో లేకపోతే. మొరాకో అప్పటికే జపాన్ చేతిలో 0-2, పోర్చుగల్ చేతిలో 0-6 ఓడింది. తేడా మైనస్ 8. మామూలుగా 5-0 అయ్యాక ఏ జట్టైనా బంతిని అటూ ఇటూ తిప్పుతూ కాలం గడుపుతుంది. ఇక్కడ ఆ వీల్లేదు, ప్రతి గోల్‌కూ లెక్కుంది. చివరికి మైనస్ 8 కాస్తా ప్లస్ 8 అయింది, మొరాకో ముందుకెళ్లింది. 1997లో న్యూజిలాండ్‌పై స్పెయిన్ 13-0తో పెట్టిన, ఈ టోర్నీలో అతిపెద్ద గెలుపు రికార్డు కూడా చెరిగిపోయింది.

స్కోరు చూసి నవ్వుకునేవాళ్లు ఈ లెక్క చూడరు.

వెనక నలుగురు:
గాలివాటం కాదు. 2017లో మన దేశంలో జరిగిన టోర్నీలోనూ ఇదే కథ. గువాహటిలో ఫ్రాన్స్ చేతిలో 1-7, హోండురాస్ చేతిలో 0-5, తర్వాత కోల్‌కతాలో ఇదే జపాన్‌తో 1-1.

ఫ్రాన్స్ మ్యాచ్‌లో గోల్స్ పడ్డ నిమిషాలు చూడండి: 5, 20, 30, 33, 40, 43. హాఫ్‌టైమ్‌కే 0-6. రెండో సగం మాత్రం 1-1! జపాన్ మ్యాచ్‌లో 7వ నిమిషంలోనే గోల్ పడింది, కానీ రెండోది పడనివ్వలేదు. 83వ నిమిషంలో జెకోబ్ జెనో సమం చేశాడు (తర్వాత రొమేనియా క్లబ్బుల్లో ఆడాడు, సీనియర్ జట్టులోకీ వచ్చాడు).

చిన్న జట్లను ముంచేది మొదటి గోల్ కాదు, రెండోది. 0-1 దగ్గర డిఫెన్స్ లైన్‌కూ మిడ్‌ఫీల్డ్‌కూ మధ్య 10-12 మీటర్లే ఉంచుతూ ఓపిగ్గా కాచుకోవచ్చు. 0-2 అయ్యేసరికి మిడ్‌ఫీల్డర్లు ముందుకు ఉరుకుతారు, వెనకవాళ్లు భయపడి గోల్ ముందున్న బాక్స్‌లోకి జారతారు. ఆ దూరం 25 మీటర్లవుతుంది. ఎదుటివాళ్ల దాడులు నడిపించే ప్లేమేకర్‌కు ఆ ఖాళీలో నిలబడి తిరిగి చూసేంత తీరిక దొరుకుతుంది. అక్కణ్నుంచి బంతి వింగర్‌కు, వాడు గోల్ లైన్ దాకా వెళ్లి వెనక్కి పెనాల్టీ స్పాట్ వైపు కొడతాడు. డిఫెండర్లంతా సొంత గోల్ వైపు పరుగెత్తుతుంటారు కాబట్టి ఆ బంతి వాళ్ల వీపు వెనక పడుతుంది. సెల్ఫ్ గోల్స్ ఎక్కువగా పుట్టేదీ ఇలాంటప్పుడే.

దీనికి మందు తెలిసిందే, చేయడమే కష్టం. గోల్ పడ్డాక 10 నిమిషాలు సాహసాలు మానాలి. గోల్ కిక్ పొట్టిగా ఆడకుండా టచ్ లైన్ వెంట పొడుగ్గా కొట్టాలి. బాల్ గోల్ లైన్ దాకా వెళ్తే ఒక మిడ్‌ఫీల్డర్ తప్పకుండా పెనాల్టీ స్పాట్ దగ్గర ఆగాలి, అందరితో పాటు గోల్‌లోకి పరుగెత్తకూడదు.

దీనికి అలసట కూడా తోడవుతుంది. ఖతార్‌లో నవంబర్ 3, 6, 9 తేదీల్లో మూడు మ్యాచులు. జట్టులో ఉండేది 21 మంది, వాళ్లలో గోల్‌కీపర్లు పోను 18. మ్యాచ్ పొడవునా నీడల్లా కదిలి జపాన్‌ను ఆపిన కాళ్లే మూడు రోజులకు మళ్లీ దిగాలి. న్యూ కలెడోనియా రాజధాని నుమియాకీ ఖతార్‌లోని దోహాకీ 8 గంటల తేడా, అదొకటి. 2023 ఇండోనేషియాలోనైతే ఇంగ్లండ్ 10, బ్రెజిల్ 9, ఇరాన్ 5 కొట్టాయి. ఒక్క గోల్ కూడా తిరిగి కొట్టలేకపోయారు. కాబట్టి డ్రాలు చూసి మరీ మురిసిపోనక్కర్లేదు.

రూల్ బుక్:
పాస్‌పోర్టు గురించి. న్యూ కలెడోనియా ఫెడరేషన్‌కు 2004 నుంచి ఫిఫా సభ్యత్వం ఉంది, అందుకే సొంత జట్టు. ఫ్రాన్స్ కిందే ఉన్న తాహితీకీ ఫిఫా సభ్యత్వం ఉంది. ఫ్రాన్స్‌వే అయిన గ్వాడెలూప్, మార్టినిక్ దీవులకు ఆ సభ్యత్వం లేదు.

ఒకే పౌరసత్వం మీద ఒకటికి మించి జట్లుంటే పాస్‌పోర్టు ఒక్కటే చాలదు. ఆ గడ్డ మీద పుట్టాలి, లేదా తల్లిదండ్రుల్లో, తాత బామ్మల్లో ఒకరైనా అక్కడ పుట్టుండాలి, లేదా రూల్ చెప్పినన్ని ఏళ్లు అక్కడ నివసించాలి. అండర్-17 వరల్డ్ కప్ ఆడినంత మాత్రాన జీవితాంతం కట్టుబడిపోయినట్టు కాదు. అర్హత ఉంటే దరఖాస్తు చేసి ఒకసారి మారొచ్చు. 1998లో ఫ్రాన్స్‌తో కప్పు గెలిచిన క్రిస్టియాన్ కరెంబూ పుట్టింది న్యూ కలెడోనియాలోని లిఫూ దీవిలోనే, కానీ అప్పటికి ఈ ఫెడరేషన్ ఫిఫాలోనే లేదు.

దూరపు బంతి:
థాంక్స్. ఇంత బలహీనమైన జట్టు అసలు క్వాలిఫై ఎలా అవుతోంది?

గోల్ తేడా:
2006లో ఆస్ట్రేలియా ఆసియా ఫుట్‌బాల్ సమాఖ్యలోకి వెళ్లిపోయింది, ఓషియానియాలో (పసిఫిక్ దీవుల ఫుట్‌బాల్ విభాగం) పెద్ద జట్టు న్యూజిలాండ్ ఒక్కటే మిగిలింది. 2017లో, 2023లో ఆ ఖండానికి 2 చోట్లు, ఫైనల్ చేరిన ఇద్దరికీ. 2025లో 3: న్యూజిలాండ్, ఫిజీ, న్యూ కలెడోనియా. 2017 ఫైనల్లో న్యూజిలాండ్ చేతిలో 0-7తో ఓడారు, అయినా టికెట్ అప్పటికే జేబులో ఉంది. అసలు ప్రాణాలు పెట్టి ఆడాల్సింది సెమీఫైనల్ అన్నమాట.